పనిచేయని మందు లెక్కా రైతుకు తెలియాలి

2021లో నల్ల తామర పురుగు గుంటూరు ప్రాంతపు మిర్చి తోటలపై విరుచుకుపడింది. పూతలో చేరి రసం పీల్చే ఆ పురుగు ముందు అలవాటైన మందులు నిలవలేదు. దుకాణంలో ఏది ఇస్తే అది తెచ్చి, ఒకదానిలో మరొకటి కలిపి రైతులు పిచికారీ చేస్తూ పోయారు. అప్పులు మిగిలాయి, తోటలు పోయాయి. ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచేయదో రైతుకు తేల్చి చెప్పాల్సింది పరిశోధనే. ఆ నష్టం చూశాక, పరిశోధనలో నిజాయతీని విశ్వవిద్యాలయాల సొంత వ్యవహారంగా వదిలేయడానికి నాకు మనసొప్పదు.

పరిశోధనలో తప్పంటే కాపీ కొట్టడమే అన్న భావన మన దగ్గర బలపడింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతలతో పోలికలు 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 60 శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అవసరమైన నిబంధనే. అయితే సాఫ్ట్‌వేర్ పోల్చి చూసేది వాక్యాలను మాత్రమే. చేనిలో అడుగుపెట్టకుండా పురుగుల లెక్క అల్లినవారు సొంత మాటల్లో రాస్తే దానికి దొరకరు.

నన్ను ఇంకా కలవరపెట్టేది, ఉన్న లెక్కను దాచడం. భారీ వాన పడితే తామర పురుగు దానంతట అదే తగ్గుతుంది. అందుకే పరీక్షలో మందు కొట్టిన మడుల పక్కన కొట్టని మడి తప్పనిసరి. అది లేకపోతే వాన చేసిన మేలు మందు ఖాతాలో పడుతుంది. మూడు చోట్ల పరీక్షించి, రెండు చోట్ల విఫలమై, మూడో చోటి ఫలితాన్నే ప్రచురించారనుకుందాం. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు, కానీ నమ్మిన రైతు నిండా మునుగుతాడు. మందు పనిచేయలేదని మళ్లీ కొడతాడు. తామర పురుగును తినే మిత్ర పురుగులు చస్తాయి, దాని ఉద్ధృతి ఇంకా పెరుగుతుంది.

మనుషులపై చేసే ఔషధ పరీక్షలను మొదలుపెట్టకముందే, అలాంటి పరీక్షల జాతీయ నమోదు పట్టిక అయిన సీటీఆర్‌ఐలో నమోదు చేయడం 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. పంట మందుల క్షేత్ర పరీక్షలకూ అంతటి కట్టుబాటు ఉండాలి. ఎక్కడ, ఏ రకంపై, ఎన్ని మడుల్లో పరీక్షిస్తారో నారు పోయకముందే ప్రకటించాలి. ఫలితం ఎలా వచ్చినా బయటపెట్టాలి. గుంటూరు శివారు లాంలోనే ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, మిర్చి పరిశోధనలో దశాబ్దాల అనుభవం ఉంది. ఈ పని అక్కడే మొదలవ్వాలి. పనిచేసిన మందుల పక్కనే పనిచేయనివాటి జాబితానూ ఏటా పంటకాలానికి ముందే రైతు సేవా కేంద్రాల్లో అంటించాలి.