ఘనపుటడుగు రుసుము గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఘనపుటడుగు రుసుము గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. అమెరికా రాష్ట్రాలలో స్వల్పస్థాయి రేడియోధార్మిక వ్యర్థాన్ని పూడ్చిపెట్టే చోట్ల, పర్యవేక్షణ ఖర్చు సామాన్యుల పన్నుల మీద పడకుండా, చెత్త తెచ్చినవారి దగ్గరే ఘనపుటడుగుకు ఇంత అని వసూలు చేసి, తనిఖీ అధికారుల జీతభత్యాలు నడిపిస్తున్న తమ దక్షత కొనియాడదగినది. అణు విద్యుత్ కేంద్రాల వడపోత గుజ్జు, ఆసుపత్రుల చేతి తొడుగులు, పాత పనిముట్లు ఏవి వచ్చినా తమరు రసీదు కోయకుండా వదలరు. ఒక్కటే చిక్కు: చెత్త వస్తున్నంత కాలమే తమరు ఉంటారు, అది మాత్రం తమరు వెళ్లిపోయాక కూడా అక్కడే ఉంటుంది.

కెంటకీలోని మ్యాక్సీ ఫ్లాట్స్ సంగతి తమకు గుర్తుండే ఉంటుంది. 1963లో గోతులు తెరిచారు. వాననీరు వాటిలో చేరి, ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్‌తో సహా బయటికి ఊరసాగింది. 1976లో శాసనసభ పొమ్మనలేక పొగబెట్టినట్టు పౌనుకు 10 సెంట్ల పన్ను వేయగా, లారీలు వేరే రాష్ట్రాల దారి పట్టాయి, మరుసటి ఏడాది గేటు మూతపడింది. వసూలు ఆగింది, నీరు ఆగలేదు. 1986 నాటికి ఆ స్థలం సూపర్‌ఫండ్ జాబితాకు, అంటే శుద్ధి చేయవలసిన విషపూరిత స్థలాల ఫెడరల్ జాబితాకు, ఎక్కింది.

దక్షిణ కెరొలైనా వారిది మరీ ఉదారమైన పద్ధతి. 1995లో బార్న్‌వెల్ పూడ్చివేత స్థలం దగ్గర ఘనపుటడుగుకు 235 డాలర్ల పన్ను విధించి, ఆ సొమ్మును విద్యార్థుల ఉపకార వేతనాలకూ బడి భవనాలకూ మళ్లించారు. అణు చెత్త ఎంత ఎక్కువ వస్తే పిల్లల చదువు అంత బాగుపడే ఏర్పాటు లోకంలో మరెక్కడైనా ఉన్నదో లేదో గాని, చెత్త యజమానులకు ఆ విద్యాదానం భారమనిపించి, యూటాలో తక్కువ ధరకు దొరికిన గోతుల వైపు చూశారు. ఎదురుచూసినంత ఆదాయం రాలేదు.

ఇక తమ కొలబద్ద విషయం. ఘనపుటడుగుకు లెక్క గనుక, తెలివైనవారు చెత్తను యంత్రాలతో అణిచి, కాల్చి బూడిద చేసి, పది పీపాలు పట్టేదాన్ని ఒకటి రెండింటిలో ఇమిడ్చారు. అడుగులు తగ్గాయి గాని, రేడియోధార్మికతను కొలిచే క్యూరీలు నొక్కుడుకు లొంగే రకం కావు. పీపా మీది చీటీని పత్రంతో సరిచూసి, పరీక్ష బావుల్లోంచి నీటి నమూనా తీసి, గోతి కప్పు మీద పగుళ్లు వెతికే ఇన్‌స్పెక్టరుకు పనిలో వీసమెత్తు తగ్గలేదు. ఆయన జీతం వచ్చే పద్దు మాత్రం అణిగిపోయింది. అందువల్ల పర్యవేక్షణ బాగా జరగాలని కోరుకునే అధికారి, చెత్త ఎక్కువ రావాలని కూడా లోలోపల కోరుకోవలసి వస్తుంది. ఇంతటి చమత్కారాన్ని బడ్జెట్ శాఖవారు తప్ప మరొకరు కల్పించలేరు.

అమెరికా అణు నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం, పూడ్చాక సంస్థాగత కాపలాను 100 ఏళ్లకు మించి నమ్ముకోరాదు. ఇలా పూడ్చనిచ్చే వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన 'సి' తరగతి వ్యర్థం జోలికి ఎవరూ పోకుండా కట్టే అడ్డు 500 ఏళ్లు నిలవాలి. తమ రసీదు పుస్తకమో, నెవాడాలోని బీటీ పూడ్చివేత స్థలంలో 1962లో మొదలై 1992లో ముగిసింది. తదుపరి సంరక్షణకు తమరు ముందే నిధి కూడబెట్టి వెళతారని విన్నాను. ఎన్ని వానలను లెక్కగట్టి కూడబెడతారో తెలుసుకోవాలని ఉన్నది. ఎందుకంటే 2015 అక్టోబరు 18న, భారీ వర్షాల తరువాత, మూసిన ఆ బీటీ గోతిలోకి నీరు దిగి, ఏనాడో పూడ్చిన పీపాల్లోని సోడియం లోహానికి తగిలి, మట్టి కప్పు పేలి మంటలు లేచాయి. పక్కనున్న 95వ నంబరు జాతీయ రహదారిని మూసివేయవలసి వచ్చింది.

ఆ రోజు గోతిలోకి దిగిన నీటికి ఘనపుటడుగు ఎంత చొప్పున, ఎవరి పేర రసీదు రాశారో దయచేసి తెలుపగలరు.

ఇట్లు,
తమ పద్దు పుస్తకాన్ని శ్రద్ధగా చదివే ఒక విధేయుడు