ఇల్లు 150 కిలోమీటర్లు ఉండగా కడపలో ఎందుకు ఆగామంటే

నిన్న మధ్యాహ్నం ఇంటికి చేరాం. కార్లో కాశీకి పోయి రావడం, చిత్తూరు నుంచి పోను రాను పన్నెండు రోజులు, మూడున్నర వేల కిలోమీటర్ల పైనే. అమ్మ, నాయన, నేను, నా భార్య, బావ. ఫోటోలు తర్వాత పెడతాను. ముందు ఇంకో సంగతి రాయాలి, ఎందుకంటే మొన్న రాత్రి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతున్నారు, ఇంత దగ్గరికొచ్చి కడపలో లాడ్జి తీసుకుని పడుకోవడం ఏంది అని.

పడుకున్నాం. మళ్ళీ పోయినా అట్లాగే చేస్తాను.

ఆరోజు హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లో భోంచేసి బయల్దేరేసరికే పన్నెండు దాటింది. కర్నూలు, నంద్యాల, మైదుకూరు మీదుగా కడపకొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మార్చి ఎండ, దానికితోడు పదకొండు రోజుల అలసట. బావ అన్నాడు, "ఇంకెంత, మూడు గంటలు. రాయచోటి, పీలేరు, ఇల్లు. తెలిసిన రోడ్డే గదా." నాయన కూడా మన మంచం మీద పడుకుంటే ఆ సుఖమే వేరన్నాడు. నా భార్య మాత్రం ఏమీ అనకుండా నా మొహం చూసింది. ఆమెకు గుర్తుంది.

మూడేళ్ళ కిందట హంపి నుంచి వస్తూ ఇట్లాగే చివరి రోజు "ఇంకెంత" అనుకుని నడిపాను. పీలేరు దాటాక, రాత్రి పన్నెండున్నరప్పుడు కళ్ళు మూతపడినాయి. నిద్రపోతున్నానని నాకు తెలియనే లేదు. ఎడమ చక్రాలు మట్టిలోకి దిగిన చప్పుడుకు తెలివొచ్చింది, చూస్తే స్టీరింగు నా భార్య చేతిలో ఉంది, ఎదురుగా చింతచెట్టు. వెనక సీట్లో అమ్మ నిద్రలో ఉంది. ఆ సంగతి అమ్మకు మూడేళ్ళు చెప్పలేదు. మొన్న కడపలో, బండి రోడ్డు పక్కన ఆపి, అందరి ముందూ చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "లాడ్జి ఎక్కడుందో చూడు నాయనా" అంది. బావ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మూడు సెకన్లు రెప్ప వాలితే 66 మీటర్లు బండి నడిపేవాడు లేకుండా పోతుంది. అంత చిన్న కునుకు మనం కునుకు తీశామని కూడా మనకు గుర్తుండదు.

నాకు అన్నిటికన్నా భయం వేసే మాట "తెలిసిన రోడ్డు". నాగపూర్ ముందర పెంచ్ అడవిలో, జంతువులు కింద నుంచి పోవడానికి రోడ్డును వంతెనల్లా ఎత్తి కట్టిన చోట, నిద్ర మా దరిదాపుల్లోకి రాలేదు. కొత్త చోటు కాబట్టి ఒళ్ళంతా కళ్ళు చేసుకుని నడిపాం. అదే మన జిల్లా బోర్డు కనపడగానే మనసు ముందే ఇంటికి పోయి చెప్పులు విప్పేస్తుంది. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న వాళ్ళ బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలోకి పోయింది, అదీ రాత్రిపూటే. తిరుపతి ఇంకెంతో దూరం లేదు. ఆ మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు.

బస్సు, లారీ డ్రైవర్లకు 1961 నుంచి 2025 నవంబరు దాకా ఒక చట్టం ఉండేది, మోటారు రవాణా కార్మికుల చట్టం; ఇప్పుడది కొత్త కార్మిక కోడ్‌లో కలిసింది. రోజుకు 8 గంటల పని, ఏకధాటిగా 5 గంటలకు మించి నడిపించకూడదు, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి అని అందులో ఉండేది. దాన్ని పాటించని యజమానుల మీద కోపం వేరే ఉంది, అది ఇంకోసారి రాస్తా. సొంత కారు నడిపేవాడికి ఆ మాత్రం చట్టం కూడా లేదు, ఆపాల్సింది పక్కన కూర్చున్నవాళ్ళే. వాళ్ళే "ఇంకెంత" అంటే వాడికి ఆగాలని ఉన్నా ఆగడు, చేతకానివాడు అనుకుంటారేమోనని నడుపుతూనే ఉంటాడు. లాడ్జికి మాకైంది రెండు గదులకు 2,400. పన్నెండు రోజుల్లో పెట్రోలుకు, టోల్‌గేట్లకు ఎంత పోసి ఉంటామో లెక్క వేసుకోండి, ఈ డబ్బు దగ్గరే చెయ్యి వెనక్కి లాగాలా?

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అనేవాళ్ళు మన పెద్దలు. వాళ్ళ తాత కాలంలో కాశీ నుంచి ఎవరైనా తిరిగొస్తే ఊరోళ్ళు మేళతాళాలతో పొలిమేరకు ఎదురుపోయేవాళ్ళని నాయన చెబుతాడు. ఇంటికి రావడం కూడా యాత్రలో భాగమే వాళ్ళకు. మనమేమో అర్ధరాత్రి వచ్చి, సామాన్లు కార్లోనే వదిలేసి, ఎవరి మంచం మీద వాళ్ళు పడిపోతాం.

ఈసారి అట్లా కాలేదు. పొద్దున్నే ఏడు గంటలకు దేవుని కడపలో దర్శనం చేసుకున్నాం. తిరుమలకు తొలిగడప అంటారు దాన్ని. ఉగాది రోజున ముస్లింలు కూడా అక్కడికొచ్చి స్వామిని దర్శించుకుంటారు. ఉగాదికి ఇంకా పది రోజులుంది, గుడి ప్రశాంతంగా ఉంది, అమ్మ అరగంట కూర్చుంది. గువ్వలచెరువు ఘాట్ పగటి వెలుగులో ఎన్నేళ్ళకు చూశానో. ఘాట్ ఎక్కాక వేడి వేడి పాలకోవా, నాయన రెండు కిలోలు కట్టించాడు. ఎప్పుడూ రాత్రిళ్ళు రావడం వల్ల మూసిన అంగళ్ళు చూసుకుంటూ పోయేవాళ్ళం. కలకడ దాటాక రోడ్డు పక్కన చింతకాయలు దులుపుతున్నారు, టార్పాలిన్ పట్ట నిండా కుప్ప. అమ్మ బండి ఆపమంది. గింజ తీయని చింతపండు బేరమాడి ఐదు కిలోలు కొన్నది, ఆ మనిషితో వాళ్ళ ఊరు, వీళ్ళ ఊరు, చుట్టరికాలు అన్నీ మాట్లాడింది. పీలేరు ఇవతల మామిడితోపుల్లో బెంగుళూరా చెట్లకు గోలీలంత పిందెలు. ఆ చింతచెట్టు దగ్గర నేను స్లో చేశాను. అమ్మ అద్దం దించి చూసింది, దండం పెట్టుకుంది.

ఒంటిగంటకు ఇల్లు. నాయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగాడు. అమ్మ గంగ చెంబు తనే లోపలికి తీసుకుపోయి దేవుడి గదిలో పెట్టింది. పక్కింటి పెద్దమ్మ సంగటి, ఊరిబిండి పంపించింది, బావ కారు కడిగాకనే తిన్నాడు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం కాశీ సమారాధన పెట్టుకున్నాం, అందరూ రావాలి. బెంగళూరు, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు దయచేసి శనివారం పొద్దున్నే బయల్దేరండి. దారిలో పొద్దుపోతే ఎక్కడున్నారో అక్కడే ఆగి ఫోన్ చేయండి. ఇక్కడికి చేరినవాళ్ళకు మేడ మీద పడకలు వేయిస్తున్నాను.