ఫొటో స్టాప్ పేరుతో బార్సిలోనాని గేటు బయట నుంచే చూపించి పంపేస్తారా?

ఇప్పుడే మమ్మల్ని హోటల్లో దింపేశారు. టైమ్ ఎనిమిదిన్నర కూడా కాలేదు, బయట ఇంకా ఎండ ఉంది. జూన్‌లో ఇక్కడ తొమ్మిది దాటితే గానీ పొద్దు గుంకదు, ఊళ్ళో వాళ్ళు రాత్రి భోజనానికి కూర్చునేదే ఆ వేళకి. మాకేమో ఏడింటికే డిన్నర్ పెట్టేసి, ఊరి బయట హైవే పక్కన ఉన్న హోటల్‌కి తోలుకొచ్చి "రెస్ట్ తీసుకోండి మేడమ్, పొద్దున్నే బస్సు" అంటాడు టూర్ మేనేజర్. ఒళ్ళు మండిపోతోంది.

సగ్రాడా ఫమీలియా దగ్గర ఇరవై నిమిషాలు ఇచ్చారు. లోపలికి కాదు, బయట నుంచే. 1882లో కట్టడం మొదలైన చర్చి అది. ఆర్కిటెక్ట్ గౌడీ ఆ మరుసటి ఏడాది బాధ్యత తీసుకుని, 1926లో ట్రామ్ గుద్ది చనిపోయేదాకా దానికే అంకితమైపోయాడు, ఆయన సమాధి కూడా అక్కడే, చర్చి కిందే ఉంది. నేను కంచె ఇవతల నుంచి ఫోన్ జూమ్ చేసి, ఒక స్తంభాన్ని వీపు మీద మోస్తున్న తాబేలుని అమ్మకి చూపిస్తున్నా. సముద్రం వైపు సముద్రపు తాబేలు, కొండ వైపు నేల తాబేలు చెక్కారు. అమ్మ రెండోది ఎక్కడ అని వెతుకుతోంది, ఈలోపు జెండా ఊపేశాడు. లోపల చెట్లలా పైకి లేచే స్తంభాలు, సాయంత్రం పడమటి అద్దాల్లోంచి పడే ఎర్రటి వెలుగు యూట్యూబ్‌లో చూసి ఎన్నాళ్ళ నుంచో చెబుతోంది ఆవిడ. అడిగితే "ఎంట్రీ ప్యాకేజీలో లేదండీ" అన్నాడు. ఆ ముక్క బుకింగ్ రోజునే చెప్తే మేమే ఆన్‌లైన్‌లో కొనుక్కునేవాళ్ళం కదా!

పికాసో మ్యూజియం అడిగాను. "మనవాళ్ళకి మ్యూజియాలు బోర్ అండీ." ఎవరు తేల్చారు? వెలాస్కెజ్ అనే పాతకాలపు స్పెయిన్ చిత్రకారుడు గీసిన ఒక్క బొమ్మని పట్టుకుని పికాసో తనదైన తీరులో మళ్ళీ మళ్ళీ గీసిన సిరీస్ మొత్తం, 58 పెయింటింగులు, అక్కడ ఉన్నాయి. ఈ ఊరి పాతబస్తీ కింద రోమన్ల నాటి వీధులున్నాయి, బట్టలు ఉతికిన, రంగులద్దిన, చేపల సాస్ చేసిన తొట్లున్నాయి, వాటి మధ్య నడుస్తూ చూడొచ్చు. బోర్ అట! సువెనీర్ షాపులో మాత్రం రెండు గంటలు కూర్చోబెట్టారు. ఎందుకో మీకు తెలుసు.

బీచ్ అయితే బస్సు కిటికీలోంచే. 1992 ఒలింపిక్స్ కోసం ఫ్యాక్టరీలు, రైలు పట్టాలు తీసేసి, ఇసుక పోసి ఆ తీరాన్ని జనానికి తిరిగిచ్చారు. మాకు కాలికి ఇసుక అంటనివ్వలేదు. 2024లో ఇక్కడి వాళ్ళు టూరిస్టుల మీద వాటర్ గన్లతో నీళ్ళు కొట్టారని అప్పట్లో మన గ్రూపుల్లో ఎంత తిట్టుకున్నారో గుర్తుందా? బస్సుల్లో వచ్చి, ఫుట్‌పాత్ నింపేసి, సెల్ఫీలు తీసుకుని వెళ్ళిపోయే జనాన్ని చూస్తే వాళ్ళకి కోపం రాదా మరి.

అన్నిటికంటే మండింది ఈ మాటకి: "ఇక్కడి నైట్‌లైఫ్ మన ఫ్యామిలీ లేడీస్‌కి సెట్ కాదండీ." నైట్‌లైఫ్ అంటే క్లబ్బులు, తాగుడు మాత్రమేనా? ఉన్నా తప్పేంటి, అది వేరే సంగతి. ఈ ఊళ్ళో రాత్రి పదకొండింటికి కూడా పిల్లలు బంతాడుకుంటుంటే పక్క బెంచీ మీద అమ్మమ్మలు కబుర్లు చెప్పుకుంటారు. శనివారం మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది. ఈరోజు శనివారమే! చిన్నప్పటి నుంచీ ఇదే వింటున్నా, చీకటి పడేలోపు ఇంటికొచ్చేయాలి, ఆడపిల్లవి. కాలేజీలో అదే, ఉద్యోగంలో చేరాక అదే. మా అమ్మ అరవై దాటే వరకు అలాగే ఉంది, నోరెత్తలేదు. సొంత డబ్బుతో ఇంత దూరం వచ్చాక కూడా ఎవడో జీతానికి పనిచేసే మనిషి ఆవిణ్ణి ఎనిమిదింటికి గదిలో పెట్టి తలుపేస్తాడా?

బుక్ చేసేముందు అడగండి: టికెట్ లోపలికా, బయటికా? హోటల్ ఊళ్ళోనా, హైవే మీదా? రాసి ఇమ్మనండి.

టాక్సీ వస్తోంది. అమ్మ చెప్పులు కూడా వేసేసుకుంది. ముందు సాంట్ ఫెలిప్ నేరి అనే చిన్న చౌక్, స్పెయిన్ అంతర్యుద్ధంలో 1938లో పడ్డ బాంబుల గాయాలు చర్చి గోడ మీద ఇంకా ఉన్నాయి అక్కడ. తర్వాత బీచ్. మేనేజర్ "మేం బాధ్యులం కాదు" అని గ్రూపులో మెసేజ్ పెట్టాడు. పెట్టుకోనివ్వండి.