జనవరిని శూన్యమాసం చేసిన డేట్ గారికి

తేదీ: 14-0-125 (మీ లెక్క ప్రకారం)

జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో, యుటిల్ అనే కోడ్ వీధిలో 1996 నుంచీ కాపురముంటూ ప్రోగ్రాములకి తేదీల లెక్క చూస్తున్న డేట్ గారికి నమస్కరించి రాయునది.

పైన వేసిన తేదీ చూసి మావాళ్లు కంగారుపడతారేమో గానీ మీకు తెలుసు, అది 2025 సంక్రాంతి. మీకు సంవత్సరం చెప్పాలంటే అందులోంచి 1900 తీసేసి చెప్పాలి. నెలలు సున్నా నుంచి, రోజులు మాత్రం ఒకటి నుంచి. మా ఇళ్లలో పుష్యమాసాన్ని శూన్యమాసమని పెళ్లి మాటెత్తరు. మీరు ఏకంగా జనవరికే సున్నా వేసి కూర్చున్నారు. మా టీంలో కొత్త కుర్రాడు అమాయకంగా 2025 అని ఇస్తే వాణ్ణి 3925లో దింపొచ్చారు. జనవరి 32 అని ఇచ్చినా కిమ్మనరు, ఫిబ్రవరి 1 చేసి పంపిస్తారు. ఎంత మర్యాదస్తులో!

పేరేమో గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవన్నట్టు, డేట్ అన్న పేరే గానీ మీలో తేదీ లేదు. 1970 జనవరి 1, యూటీసీ (ప్రపంచమంతా గడియారాలు సరిచూసుకునే టైము) అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క, ఒకే ఒక్క అంకె. అంటే మీరు తేదీ కాదు, క్షణం. ఇది మీకు చిన్న విషయమే కావచ్చు. నేను ఆగస్టు 15న పుట్టాను. మా ఆఫీసు సిస్టమ్ నా పుట్టినరోజుని మీ చేతిలో పెట్టింది. ఇక్కడ అర్ధరాత్రి అంటే, యూటీసీలో నడిచే సర్వర్‌కి ముందురోజు సాయంత్రం ఆరున్నర. అంతే, 14నే కేకు వచ్చేసింది! పుట్టినరోజు క్షణం కాదండీ. జాతకం రాసే సిద్ధాంతి గారిని అడగండి, ఆయన తేదీ వేరుగా, టైము వేరుగా, ఊరు వేరుగా రాసుకుంటారు.

మీకు ఊరూ లేదు. అయినా ప్రింట్ చేస్తే మాత్రం ఆ మెషిన్ టైమ్‌జోన్ అరువు తెచ్చుకుని ఐఎస్‌టీ అని బొట్టు పెట్టుకొస్తారు. ఆ ఐఎస్‌టీ అంటే ఇండియా టైమా, ఇజ్రాయెల్ టైమా, ఐర్లాండ్ టైమా?

1997లో జావా 1.1 వచ్చినప్పుడే మీ మెథడ్స్‌లో (అంటే మీతో చేయించుకునే పనుల్లో) చాలావాటిని ఇక వాడొద్దని రాసేశారు. మీ బదులు వచ్చిన క్యాలెండర్ గారు ఆ సున్నా నెలని ఆస్తిలా కాపాడుకున్నారు, అది వేరే ఏడుపు. చివరికి 2014లో, జావా 8తో, సిద్ధాంతి గారి పద్ధతి వచ్చింది: క్షణానికి ఇన్‌స్టంట్, తేదీకి లోకల్‌డేట్, ఊరితో సహా కావాలంటే జోన్డ్‌డేట్‌టైమ్. ఒకసారి తయారయ్యాక వాటిని ఎవరూ మార్చలేరు కూడా. మిమ్మల్నైతే ఎవరి చేతికిచ్చినా సెట్‌టైమ్ అని లోపలి అంకె మార్చేసి తిరిగిస్తారు.

అయినా మీరు ఇల్లు ఖాళీ చేయలేదు. మా ప్రాజెక్టులోంచి మిమ్మల్ని తీసేయాలని టికెట్ (పని చీటీ) పెట్టి నాలుగేళ్లయింది. దానికి గడువు తేదీ కూడా వేశారు. ఆ గడువు దాచింది మీలోనే.

ఇట్లు,
ఆగస్టు 14న కేకు కోసినవాడు