థార్‌కు సామాన్లు దొరుకుతున్నాయి, తిరిగే దారే దొరకడం లేదు

2020 అక్టోబర్ 2న మహీంద్రా వాళ్ల కొత్త థార్ జీపు మార్కెట్లోకి వచ్చాక తెలుగు రాష్ట్రాల్లో ఆఫ్‌రోడింగ్, అంటే రోడ్డు లేని చోట బండి నడిపే సరదా, తీరే మారిపోయింది. అంతకుముందు ఈ ఇష్టం ఉన్నవాళ్లు కొద్దిమందే. పాత జిప్సీనో, ఆర్మీ వేలంలో వచ్చిన జీపునో కొనుక్కుని ఆదివారాలు మెకానిక్ షెడ్డులో గడిపేవాళ్లు. ఇప్పుడు నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఫోర్ బై ఫోర్ బండి షోరూం నుంచే తయారై వస్తోంది. 2023లో జిమ్నీ, 2024లో థార్ రాక్స్ కూడా వచ్చాయి. బండ్ల వెనకే బాడీని ఎత్తు లేపే లిఫ్ట్ కిట్లు, ఎల్‌ఈడీ లైటు బార్లు, స్టీలు బంపర్లు, లోతు నీళ్లలో ఇంజిన్‌కు పైనుంచి గాలి అందించే స్నార్కెల్ గొట్టాలు, దిగబడిన బండిని తాడుతో లాగే వించ్‌లు దిగాయి. ఫోన్‌లో ఆర్డర్ పెడితే వారంలో గుమ్మం ముందుంటాయి.

ఇంత సరుకు మధ్య కొత్తగా బండి కొన్నవాడికి రెండే రెండు విషయాలు సరిగ్గా చెప్పేవాళ్లు లేరు: ముందు ఏది కొనాలి, కొన్నాక ఎక్కడికి వెళ్లాలి. మొదటిది అమ్మేవాడి నోటి నుంచి వింటున్నాం. రెండోది ఎవరి నోటి నుంచీ వినడం లేదు. లక్షలు ఖర్చయిన బండ్లు చివరికి చెరువు శిఖం భూముల్లో, ఎవరో రైతు గట్ల మీద తిరుగుతున్నాయంటే కారణం ఇదే.

అమ్మేవాడి వరుసలో లిఫ్ట్ కిట్ ముందుంటుంది. నా వరుసలో ముందుండేది టైరు గాలి కొలిచే గేజ్, దాని పక్కనే 12 వోల్టుల కంప్రెసర్. రెండూ కలిపి కొన్ని వేల రూపాయల్లో వస్తాయి. తారు రోడ్డు మీద 30 పీఎస్ఐ పైన ఉండే గాలిని బురదలోకి, ఇసుకలోకి దిగేముందు 18-20కి తగ్గిస్తే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది కాబట్టి చక్రం కూరుకుపోదు, జారదు. సూర్యలంక ఇసుకలో ఇంజిన్ అరుస్తూ ఇరుసు దాకా దిగబడిన బండిని, నాలుగు టైర్లలో గాలి తీసి మెల్లగా బయటికి తెచ్చిన సందర్భం చూసినవాళ్లకు ఈ మాట మళ్లీ చెప్పనక్కర్లేదు. తిరిగి తారెక్కే ముందు గాలి నింపుకోవాలి కాబట్టే కంప్రెసర్. తక్కువ గాలితో హైవే ఎక్కితే టైరు పక్కగోడ వేడెక్కి పగులుతుంది.

ఇక లిఫ్ట్ కిట్ సంగతి. థార్‌కు వెనకవైపు ఒకే ముక్కగా ఉండే గట్టి ఇరుసు ఉంటుంది. జిమ్నీకి, పాత జిప్సీకి ముందూ వెనకా రెండూ అలాంటివే. ఆ ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్ హౌసింగే చాలాసార్లు రాళ్లకు ముందు తగులుతుంది. స్ప్రింగులు మార్చి బాడీని రెండు అంగుళాలు లేపినా ఆ హౌసింగ్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని పైకి లేపేది పెద్ద టైరు ఒక్కటే.

ఆ పెద్ద టైరు ఎంత లేపుతుందో లెక్క వేసుకోవచ్చు. 245/75 ఆర్16 టైరు తీసుకుందాం. 245లో 75 శాతం అంటే పక్కగోడ 184 మిల్లీమీటర్లు. కిందా మీదా కలిపి 368, రిమ్ము 406. మొత్తం ఎత్తు 774. దాని బదులు 33 అంగుళాల టైరు, అంటే 838 మిల్లీమీటర్లది వేశామనుకోండి. తేడా 64. అందులో ఇరుసు కిందకు దక్కేది సగం, 32 మిల్లీమీటర్లు. బొటనవేలు వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. దీనికి చెల్లించే ధర ఏమిటి? మీటరు 60 చూపిస్తుంటే బండి 65లో పోతుంటుంది. బ్రేకు వేస్తే ముందుకన్నా ఆలస్యంగా ఆగుతుంది, క్లచ్చి మీద భారం పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. బండరాళ్ల మీద నిజంగా నడిపేవాళ్లకు ఆ 32 మిల్లీమీటర్లు అవసరమే. మిగతావాళ్లు కంపెనీ ఇచ్చిన సైజులోనే రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే మంచి ఏటీ (ఆల్ టెరైన్) టైర్లు వేసుకుంటే చాలా దూరం వెళ్లొస్తారు.

కంటికి కనిపించని సామాన్ల గురించి ఎవరూ మాట్లాడరు. ఇరుసుకు ఊపిరి తీసుకునే చిన్న గొట్టం ఉంటుంది, బ్రీథర్ అంటారు. గంటసేపు నడిచి వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా వాగునీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. గొట్టం చివర నీళ్లలో ఉంటే అది నీళ్లనే లోపలికి లాగుతుంది. అప్పటికి ఏమీ తెలియదు. తర్వాత ఎప్పుడో ఆయిల్ విప్పితే పాలలా తెల్లగా వస్తుంది, బేరింగులు అప్పటికే తినేసి ఉంటాయి. బ్రీథర్‌కు మామూలు రబ్బరు గొట్టం తగిలించి బానెట్ దాకా లాగడం గంటలో అయిపోయే పని. ఇది చేయించకుండా స్నార్కెల్ పెట్టించిన బండ్లు మన ఊళ్లలో కోకొల్లలు. కొత్త థార్ 650 మిల్లీమీటర్ల నీళ్ల దాకా దిగగలదని కంపెనీయే చెబుతోంది. అంతకన్నా లోతులోకి వెళ్లనివాడికి స్నార్కెల్‌తో పనేమిటి?

దిగబడిన బండిని లాగే సామాను దగ్గర మాత్రం రాజీ పడకూడదు. తాడును బండికి తగిలించే ఇనుప కొలికి, అంటే షాకిల్ కొంటే దాని మీద ఎంత బరువు తట్టుకుంటుందో పోతపోసిన అంకె ఉండాలి. ముప్పావు అంగుళం బో షాకిల్‌కు సాధారణంగా 4.75 టన్నులని ఉంటుంది. అంకె లేని ఇనుప ముక్క ఎంత మెరిసినా వద్దు. లాగుతున్నప్పుడు అది తెగితే తుపాకీ గుండులా అద్దంలోంచి దూసుకొస్తుంది. బండికి షాసీతో కలిసిన హుక్కు ఎక్కడుందో ఇంటి దగ్గరే కూర్చుని చూసుకోవాలి. రవాణా కోసం కట్టేందుకు ఇచ్చిన కన్నాలకు తాడు తగిలిస్తే ఊడివస్తాయి. ఫుట్‌బోర్డు కూడా అంతే, రాయి తగిలితే వంగి తలుపునే నొక్కేస్తుంది. రాళ్లలోకి వెళ్లేవాళ్లకు కావలసింది తలుపుల కింద అంచును కాపాడేలా షాసీకి బోల్టులతో బిగించే స్లైడర్.

ఈ స్లైడర్లు, అడుగు భాగానికి స్కిడ్ ప్లేట్లు విదేశాల నుంచే తెప్పించుకోవాలని చాలామంది అనుకుంటున్నారు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ షాసీలు కోసి అతికే చేతులున్నాయి. కొలత సరిగ్గా ఇస్తే మూడు నాలుగు మిల్లీమీటర్ల రేకుతో గట్టి స్కిడ్ ప్లేట్ చేసిస్తారు. ఆయిల్ విప్పే బోల్టుకు కన్నం ఉంచమని, గేర్‌బాక్స్‌కు గాలి తగలనివ్వమని మనం గుర్తుచేయాలి. పాత జీపుల సామాన్ల విషయంలో పాడేరు, చింతపల్లి వైపు సర్వీసు జీపులు నడిపే డ్రైవర్లకు తెలిసినంత మనకు తెలియదు. కమాన్ కట్టలో ఏ పట్టీ విరిగితే దేనితో నెట్టుకురావచ్చో, ఏ కంపెనీ క్లచ్చి ప్లేటు ఘాట్‌లో నిలబడుతుందో వాళ్లకు నోటికి వచ్చు. జాకీ మట్టిలో దిగకుండా కింద వేసే చెక్కదిమ్మ వాళ్ల బండిలో తప్పకుండా ఉంటుంది. మన బండ్లలో ఎందరికి ఉంది?

చట్టం దగ్గరికి వస్తే పరిస్థితి అన్యాయంగా ఉందని నా గట్టి అభిప్రాయం. 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ బండి ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డులపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. అది సరైన పనే. వాటివల్ల, ముందు గుద్దుకున్న దెబ్బను మింగాల్సిన భాగాల పని చెడుతుంది, ఎయిర్‌బ్యాగ్ సమయం తప్పవచ్చు, ఎదురొచ్చిన మనిషికి ప్రాణం మీదికొస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని తీర్పిచ్చింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే నిబంధన వచ్చింది. ఇన్సూరెన్స్‌లోనూ చెప్పని మార్పు క్లెయిము దగ్గర అడ్డం తిరుగుతుంది. బయట పెట్టించిన ఎలక్ట్రికల్ సామాన్లను పాలసీలో విడిగా చేర్పించుకునే వీలుందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

భద్రత కోసం పెట్టిన ఈ నియమాలను నేను తప్పుపట్టను. పరీక్షకు నిలిచిన సస్పెన్షన్‌కు, ఎవరో వెల్డింగ్ చేసి లేపిన బండికి చట్టం దృష్టిలో తేడా లేకపోవడమే నా ఫిర్యాదు. సీఎన్‌జీ కిట్‌కు మనకు దారి ఉంది కదా. ఆమోదం పొందిన కిట్, అనుమతి ఉన్న సెంటరులో బిగింపు, తర్వాత ఆర్‌సీలో నమోదు. గ్యాస్ సిలిండర్‌ను డిక్కీలో పెట్టుకోవడానికే పద్ధతి ఏర్పాటు చేసుకోగలిగిన దేశం, ఒకటిన్నర అంగుళాల స్ప్రింగుకు చేయలేదా? జర్మనీలో విడిభాగంతో పాటే దాని ఆమోద పత్రం వస్తుంది. ఆస్ట్రేలియాలో ఎంత ఎత్తు దాకా సొంతంగా పెంచుకోవచ్చో, ఎక్కడి నుంచి ఇంజినీరు సర్టిఫికెట్ కావాలో రాసిపెట్టి ఉంటుంది. అలాంటి జాబితా ఇక్కడ వస్తే నాసిరకం సరుకు అమ్మేవాడికే నష్టం. ఇప్పుడున్న పద్ధతిలో నాణ్యమైనది కొన్నవాడు, నకిలీది కొన్నవాడు ఇద్దరూ చెక్‌పోస్టు దగ్గర ఒకే టెన్షన్ పడుతున్నారు.

దారుల విషయం ఇంతకన్నా బాధాకరం. వారాంతం వస్తే హైదరాబాద్ బండ్లన్నీ వికారాబాద్ వైపు కదులుతాయి. అక్కడ ఏది రిజర్వ్ ఫారెస్టు, ఏది పట్టా భూమి, ఏది డొంకదారి అనేది వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. ఎవరో పంపిన లొకేషన్ పిన్ను పట్టుకుని దిగడమే. అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్టులోకి బండి తోలితే కేసు అవుతుంది. నల్లమలలోని టైగర్ రిజర్వుల్లో అయితే మరీ తీవ్రమైన నేరం. సముద్రతీరం ఖాళీగా కనిపిస్తుంది కానీ, జనవరి నుంచి మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో అడుగున్నర లోతున గుడ్లు పెడతాయి. టైర్ల కింద ఆ గూళ్లు అణిగిపోతాయి, పొదిగి బయటికొచ్చిన పిల్లలు చక్రాలు చేసిన గాడుల్లో పడి నీళ్ల దాకా చేరలేవు. ఎండిన చెరువు అడుగు కూడా పైకి గట్టిగా ఉంటుంది, కింద మెత్తటి బురద. అక్కడ దిగబడిన బండిని లాగడానికి ట్రాక్టర్ కోసం అడిగేది, ఏ రైతు గట్టు తెంచామో ఆ రైతునే.

చేతిలో ఉన్న ఒక మంచి వనరును మనం వాడుకోవడం లేదు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 స్కేలు మ్యాపులు 2017లో ‘నక్షే’ పోర్టల్లో మొదలై, ఇప్పుడు ఆ సంస్థ ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్లో భారత పౌరులకు ఉచితంగా దొరుకుతున్నాయి. కాగితం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. బండ్లబాట, కాలిబాట, వాగు, రిజర్వ్ ఫారెస్టు సరిహద్దు అన్నీ విడివిడి గుర్తులతో ఉంటాయి. సర్వే పాతది కాబట్టి కొన్నిచోట్ల కొత్త రోడ్డో, రిజర్వాయరో వచ్చి ఉండవచ్చు. దాన్ని హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే ‘భువన్’ ఉపగ్రహ చిత్రాలతో పోల్చుకుంటే సరిపోతుంది. ఆ తర్వాత ఊళ్లో అడగాలి. మ్యాపులో లేనిది, నిన్నటి వానకు కొట్టుకుపోయిన కల్వర్టు, వాళ్లకే తెలుస్తుంది.

కానీ వ్యక్తులు ఎంత వెతుక్కున్నా ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వమే చేయాలి. అమెరికాలో 2005 నాటి నిబంధన ప్రకారం ప్రతి నేషనల్ ఫారెస్టు, ఏ దారిలో ఏ బండి ఎప్పుడు వెళ్లవచ్చో చూపే మ్యాపు ప్రచురిస్తుంది. మ్యాపులో లేని దారిలో బండికి ప్రవేశం లేదు, ఉన్న దారిలో ఎవరూ ఆపరు. కాలిఫోర్నియాలో ఆఫ్‌రోడ్ బండ్ల రిజిస్ట్రేషన్ ఫీజులు, ఇంధన పన్నులో కొంత వాటాతో ప్రత్యేక పార్కులే నడుస్తున్నాయి. శాన్‌హోసేకు దగ్గరలోని హాలిస్టర్ హిల్స్ అలాంటిదే. బే ఏరియా తెలుగువాళ్లు టికెట్ కొనుక్కుని అక్కడ నిశ్చింతగా నడుపుతుంటే, ఇక్కడ వాళ్ల అన్నదమ్ములు అటవీ సిబ్బంది కంటపడకుండా తిరగాల్సి వస్తోంది.

రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు దీన్ని చిన్నగానే మొదలుపెట్టవచ్చు. తవ్వకం ఆగిన క్వారీ భూముల్లో నీటి గుంతలకు కంచె వేసి, మట్టి దిబ్బల మీద ట్రాక్ గీస్తే నగరాల దగ్గర సాధనకు చోటు దొరుకుతుంది. పాడేరు కొండల్లో రిజర్వ్ ఫారెస్టును వదిలేసి, గ్రామసభలు ఒప్పుకున్న నాలుగైదు జీపు దారులకు మ్యాపు వేయాలి. వానల్లో ఏ నెలలు మూసి ఉంటాయో అందులోనే రాయాలి. ముందు బండిలో దారి చూపేందుకు ఆ సర్వీసు జీపు డ్రైవర్లకే రోజుకూలీ కాకుండా గైడ్ ఫీజు ఇవ్వాలి, ఆ డబ్బు బండ్ల యజమానుల టికెట్ నుంచే రావాలి. లిఫ్ట్ కిట్ మీద వేలకు వేలు పోసేవాళ్లు దానికి వెనకాడరు.