కందిరీగ ఇచ్చిన సిగ్నల్స్

క్రేన్ లైసెన్సుకి లీవర్లు లాగడం వస్తే చాలనుకునేవాళ్లకి ముందు లోడ్ చార్ట్, అంటే ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే పట్టిక, చూపించాలి. క్రేన్ ఒంటి మీద 50 టన్నులని ఇంతింత అక్షరాలతో రాసి ఉంటుంది. బరువు దాదాపు ఒళ్లో కూర్చుంటేనే అది 50 టన్నులు ఎత్తుతుంది. బూమ్, అంటే క్రేన్ పొడవాటి చెయ్యి, చాచి బరువు దూరం జరిగేకొద్దీ ఆ అంకె కరిగిపోతుంది. మిగిలిన దాంట్లోంచి హుక్ బరువు, సరుకుని హుక్‌కి కట్టే స్లింగుల బరువు కూడా తీసెయ్యాలి. జీతంలో కటింగులన్నీ పోయాక చేతికెంత వస్తుందో తెలిసినవాడికి ఈ లెక్క ఇట్టే వంటబడుతుంది. నాకు అలాగే వంటబట్టింది, రాత పరీక్ష గట్టెక్కింది.

ఇక ప్రాక్టికల్. వేలాడే బరువును కర్రల మధ్య వంకర దారిలో, దేనికీ తగలకుండా తీసుకెళ్లి గీసిన వృత్తంలో దించాలి. బరువు ముందుకు ఊగితే బూమ్‌ని వెనక్కి లాగాలనిపిస్తుంది. లాగామా, ఊపు ఇంకా పెరుగుతుంది. బరువు ఎటు పోతే బూమ్‌ని అటే తీసుకెళ్లి, సరిగ్గా దాని నెత్తిన నిలపాలి. అప్పుడే అది శాంతిస్తుంది.

ఈ విద్యంతా ప్రదర్శిస్తూ వృత్తం దగ్గరికి చేరాను. ఇక దించడమే తరువాయి. సరిగ్గా అప్పుడే కింద నిలబడి చేతి సైగలతో నన్ను నడిపించే సిగ్నల్‌మన్ హెల్మెట్ చుట్టూ ఒక కందిరీగ చేరింది.

ఆయన చూపుడు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. అంటే బరువు పైకెత్తమని. ఎత్తాను. కందిరీగ ఎక్కడ తిరుగుతోందో పక్కవాడికి చూపిస్తున్నాడని నాకు తర్వాత తెలిసింది. వేలు కిందికి తిప్పాడు, దించాను. చెయ్యి పక్కకి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి అటూ ఇటూ ఊపాడు. ఆపమని. ఆపాను. రెండు చేతులూ అలాగే ఊపాడు. అత్యవసరంగా ఆపమని! ఆగి ఉన్నదాన్ని ఇంకా ఎలా ఆపాలో తోచక ఊపిరి కూడా బిగబట్టాను. చివరికి రెండు చేతులూ పొట్ట ముందు కలిపి గట్టిగా బిగించాడు. అన్నీ నిలిపేసి కదలకుండా ఉండమని దాని అర్థం. కందిరీగ ఆ గుప్పిట్లో ఉంది.

తర్వాత కేక పెట్టి పరుగెత్తాడు. ఆ సైగ సిగ్నల్స్ చార్ట్‌లో లేదు.

కందిరీగ ఎగ్జామినర్ గారి వైపు మళ్లింది. ఆయనా రెండు చేతులూ ఊపడం మొదలుపెట్టారు. ఆపమన్న సైగ ఎవరిచ్చినా పాటించాల్సిందే, ఎగ్జామినర్ ఇస్తే చెప్పేదేముంది? బరువు గాల్లో, నేను క్యాబిన్‌లో, వాళ్లిద్దరూ గేటు దగ్గర.

చాలాసేపటికి ఎగ్జామినర్ గారు రొప్పుతూ వచ్చి, "ఏవయ్యా, ఇంకా దించవేం?" అని అరిచారు.

"సిగ్నల్ రాలేదండీ."

"సిగ్నల్‌మన్ పారిపోతుంటే నీకేం అర్థమైంది?"

"ఏమీ అర్థం కాలేదండీ. అర్థం కాకపోతే కదపకూడదని మీరే కదండీ చెప్పింది."

ఆయన నా వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూసి, సిగ్నల్స్ గడిలో పూర్తి మార్కులు వేశారు. పెన్ను కొంచెం గట్టిగానే నొక్కారు.

నా తర్వాతి వాళ్లకి మాత్రం సిగ్నల్‌మన్‌ని మార్చాల్సి వచ్చింది. పాతాయన చూపుడు వేలు వాచిపోయి మడత పడట్లేదు మరి. తల గోక్కుందామని చెయ్యి పైకి తీసుకెళ్లినా అవతల బరువు లేస్తోంది.