అడగొద్దనేవాడు గురువెలా అవుతాడు?

పౌర్ణమి దగ్గర పడితే చాలు, నా ఫోన్ నిండా అరుణాచలమే. స్పెషల్ బస్సులెప్పుడో, రూములు ఎక్కడ దొరుకుతాయో, కొండ చుట్టూ 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చెప్పుల్లేకుండా ఎలా చేయాలో చెప్పే వీడియోలు ఒకదాని వెనక ఒకటి. ఆ కొండ ఉన్న తిరువణ్ణామలైలో ఇప్పుడు హోటల్ బోర్డులు తెలుగులో కనిపిస్తాయి, ఆటో అబ్బాయి మనతో తెలుగులోనే బేరమాడతాడు. మనవాళ్లు వెళ్తున్నందుకు నాకేం పేచీ లేదు, నేనూ వెళ్తాను. నా కోపమంతా ఆ వీడియోల్లో చెప్పే మాటల మీద.

ఏ వారం నడిస్తే అప్పులు తీరతాయి, ఏ వారం నడిస్తే పెళ్లవుతుంది, ఏ లింగం దగ్గర ఏం వెలిగిస్తే ఉద్యోగం వస్తుంది! స్థలపురాణంలోనూ ఫలశ్రుతి ఉంది, కాదనను. పెద్దవాళ్లు నలుగురినీ నడిపించడానికి ఏదో ఆశ చూపించి ఉంటారు. కానీ దారిలో అగ్నిలింగం దాటాక, శేషాద్రి స్వామి ఆశ్రమం పక్కనే రమణాశ్రమం ఉంది కదా. అక్కడ ఉండిపోయిన రమణ మహర్షి ఏం చెప్పాడో ఈ వీడియోల్లో ఒక్కదాంట్లోనైనా వినిపిస్తుందా? లోపలికెళ్లి ఓ దండం, గేటు ముందు ఓ సెల్ఫీ, తర్వాత యమలింగం వైపు పరుగు.

1896 సెప్టెంబరు 1న, 16 ఏళ్ల కుర్రాడిగా ఆ ఊళ్లో దిగాడాయన. 1950 ఏప్రిల్ 14న వెళ్లిపోయేదాకా మళ్లీ ఆ కొండను వదల్లేదు. ఎవరికీ పద్ధతిగా మంత్రదీక్ష ఇవ్వలేదు, తన తర్వాత ఫలానా వాడు గురువని ప్రకటించలేదు. మరి ఆయన బోధ అంటున్నది ఎక్కణ్ణుంచి వచ్చింది? జనం అడిగితే వచ్చింది. 1902 ప్రాంతంలో శివప్రకాశం పిళ్లై అనే రెవెన్యూ ఉద్యోగి విరూపాక్ష గుహకి వెళ్లి వరసగా ప్రశ్నలు వేశాడు. స్వామి అప్పుడు మాట్లాడేవారు కాదు, రాసి చూపించారు. ఈ రోజు ‘నేనెవరు’ అని అందరూ చేత్తో పట్టుకు తిరిగే ఆ చిన్న పుస్తకానికి మూలం ఆ సంభాషణే. ఆ గుమాస్తా నమస్కారం పెట్టుకుని వెళ్లిపోయి ఉంటే మనకది ఉండేదే కాదు.

మన తెలుగాయన సంగతే చూడండి. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి, నవద్వీపంలో పండితుల్ని మెప్పించి ‘కావ్యకంఠ’ బిరుదు తెచ్చుకున్నవాడు. అప్పటికే ఆయన చుట్టూ శిష్యబృందం ఉంది. 1907 నవంబరులో మిట్టమధ్యాహ్నం ఎండలో కొండెక్కి, తనకంటే ఏడాది పైచిలుకు చిన్నవాడైన ఓ కౌపీనధారి కాళ్లు పట్టుకుని, చదవాల్సిందంతా చదివాను, మంత్రజపాలు చేశాను, అయినా తపస్సంటే ఏమిటో అంతుబట్టలేదు, చెప్పండి అన్నాడు. ‘నేను’ అనేది ఎక్కణ్ణుంచి పుడుతోందో చూడు, మనసు అక్కడ లీనమైతే అదే తపస్సు అన్నది జవాబు. ఆ జవాబు విన్న శాస్త్రిగారే ‘భగవాన్ రమణ మహర్షి’ అన్న పేరు లోకానికి ఇచ్చారు. తర్వాత కూడా ఆయన దారి ఆయనదే. శక్తి ఉపాసన, మంత్రం, దేశోద్ధరణ, ఇవేవీ వదల్లేదు. గురువు గారి ఫొటో డీపీగా పెట్టుకోకపోతే గ్రూపులోంచి తీసేస్తాం అని ఎవరూ అనలేదు.

రచయిత చలం గురించి చెప్పకుండా ఎలా? ఆంధ్రదేశంలో సగం ఇళ్లు గుమ్మం తొక్కనివ్వని మనిషి 1950లో కుటుంబంతో సహా వెళ్లి అక్కడే కాపురం పెట్టి, 1979లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. అనుమానాలన్నీ మూటగట్టుకునే వెళ్లాడు. అవన్నీ బయట వదిలి రమ్మని ఎవరూ అనలేదు.

ఇప్పుడు మా పిన్ని సంగతి వినండి. ఊరు, పేరు అడక్కండి, ఆ స్వామి పేరు అసలే అడక్కండి. మా పిన్ని చాలా ఏళ్లుగా లలితా సహస్రనామం చదువుతుంది. ఒక స్వామీజీ మా ఊరొస్తున్నారని తెలిసి పాదపూజ టికెట్ కొనుక్కుంది. టికెట్లు రెండు రకాలు. ఒకటి దూరం నుంచి దండం పెట్టుకోవడానికి, రెండోది పాదాల మీద పూలు వేయడానికి. పిన్ని రెండోదే తీసుకుంది, ఎందుకంటే ఆవిడకి ఒక మాట అడగాలని ఉంది: రోజూ పారాయణ చేస్తున్నాను, అయినా కోడలి మీద కోపం ఎందుకు తగ్గట్లేదు స్వామీ, అని. నిజాయితీగా అడిగే ప్రశ్న ఇంతకంటే ఏముంటుంది చెప్పండి? ఏ ఉపనిషత్తు చదివిన పండితుడికైనా ఇది చాలు. పిన్ని పళ్లెంలో పూలు పోసి తలెత్తి “స్వామీ...” అందో లేదో, పక్కన వాకీటాకీ పట్టుకున్న కుర్రాడు “అమ్మా, స్వామివారిని ప్రశ్నలు అడక్కూడదు, ప్రసాదం తీసుకుని కదలండి” అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. ఇక్కడ దేవుడూ తలెత్తి చూడలేదు లెండి.

ఇంటికొచ్చాక నేను కోప్పడితే పిన్నే నన్ను గదమాయించింది. “గురువుల్ని అలా అనకు నాన్నా, తప్పు. వాళ్లకి అన్నీ తెలుస్తాయి, మనం అడగక్కర్లేదు.” ఇదిగో, నాకు ఒళ్లు మండేది ఈ మాటకే.

గురువు లేని విద్య గుడ్డి విద్య అంటారు, ఒప్పుకుంటా. మరి ఆ గురువు దగ్గరికి ఎలా వెళ్లమన్నారు? గీత నాలుగో అధ్యాయం 34వ శ్లోకంలో ప్రణిపాతం అంటే సాగిలపడి మొక్కడం, పరిప్రశ్న అంటే అడగడం, సేవ అని మూడు చెప్పాడు కృష్ణుడు. ఈనాటి సభల్లో మొదటిదానికీ చివరిదానికీ కౌంటర్లున్నాయి. మధ్యలోది మాయం. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు సమిధలు పట్టుకుని పిప్పలాద మహర్షి దగ్గరికెళ్తే ఆయన ఏమన్నాడు? ఒక ఏడాది నియమంగా ఉండండి, తర్వాత మీకు నచ్చింది అడగండి, మాకు తెలిస్తే అంతా చెబుతాం. తెలిస్తే! ఒక ఋషి అన్న మాట ఇది. ఈ మధ్య ఏ పీఠం మీద నుంచైనా ‘నాకు తెలిస్తే’ అన్న మాట విన్నారా? జీఎస్టీ మొదలు గర్భస్థ శిశువు దాకా అన్నింటికీ అక్కడ సమాధానం రెడీ.

జనకుడి సభలో యాజ్ఞవల్క్యుడు గార్గిని ఇంకా అడిగితే తల పగులుతుందన్నాడు కదా అని ఎవరో అంటారు. అన్నాడు. గార్గి కాసేపు ఊరుకుని, అదే సభలో మళ్లీ లేచి రెండు ప్రశ్నలు వేసింది. ఆయన జవాబు చెప్పాడు. ఆ రెండో సగం ఎవరూ చెప్పరు.

గురువును పరీక్షించడం కూడా మన సంప్రదాయంలో కొత్తేం కాదు. రామకృష్ణ పరమహంస డబ్బు ముట్టుకోరంటే, తర్వాత వివేకానందుడైన నరేంద్రుడు నమ్మలేదు. ఆయన లేనప్పుడు పరుపు కింద ఒక రూపాయి పెట్టి చూశాడు. ఆయన కోప్పడలేదు సరికదా, పరీక్షించే తీసుకోమన్నారు. తిరుక్కోట్టియూరులో రామానుజులు పద్దెనిమిది సార్లు తిరిగి సంపాదించిన మంత్రరహస్యాన్ని, గురువు వద్దన్నా పదిమందికీ చెప్పేశారు. గురుపరంపర కథలు ఆ శిష్యుణ్ణి వెలివేయలేదు, గురువే కౌగిలించుకున్నాడని చెబుతాయి.

రమణాశ్రమంలో అంతా సవ్యంగా ఉందని కూడా నేననను. ఆయన ఉన్న రోజుల్లోనే భోజనాల దగ్గర ఆచారం పాటించే బ్రాహ్మణులకు వేరే వరస, మధ్యలో తడిక. ఆశ్రమం ఎవరిదని కోర్టుకెక్కినవాళ్లున్నారు. 1938లో వీలునామా రాసి నిర్వహణ తమ్ముడి కుటుంబానికి అప్పజెప్పాల్సి వచ్చింది. తడిక సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇవి చెప్పినంత మాత్రాన ఆయన చిన్నవాడైపోడు.

1924లో ఒక రాత్రి దొంగలొచ్చి ఆయన తొడ మీద కర్రతో కొట్టారు. సరిపోకపోతే రెండో కాలి మీద కూడా కొట్టుకోమన్నారాయన. భక్తులు తిరగబడబోతే వద్దన్నారు. తర్వాత తనకీ పూజ అయిందని నవ్వారట. ఇప్పుడు స్వామీజీ మీద ఒక వీడియో పెట్టి చూడండి, సాయంత్రానికి లీగల్ నోటీసు, కింద కామెంట్లలో భక్తుల బూతులు.

తప్పంతా స్వాములదే అంటే అదీ అన్యాయమే. మనకు అడగకపోవడమే హాయి. రమణుల్ని అడిగితే ఏమంటారు? ఈ బాధ ఎవరికి, ఆ ‘నేను’ ఎవరో చూడు అంటారు. పని మళ్లీ మన నెత్తినే పడుతుంది. అదే ఒక స్వామి పదకొండు నిమ్మకాయ దీపాలు పెట్టమంటే నూనె, వత్తులు కొనుక్కుంటే సరిపోతుంది, కోడలితో మాట్లాడే విధానం మార్చుకోనక్కర్లేదు. అందుకే టికెట్ ఎంతైనా కొంటున్నాం. కొనేవాళ్లు లేకపోతే ఆ కౌంటర్ ఎవరు తెరుస్తారు?

ఈ పోస్టు కింద కూడా ‘నీకు గురువు లేడు, అందుకే ఇలా వాగుతున్నావ్’ అని ఎవరో ఒకరు రాస్తారు. నిజమే, లేరు. ఎవరైనా దొరికితే మొదట మా పిన్ని ప్రశ్న అడుగుతా, తర్వాత ఆ పాదపూజ టికెట్ డబ్బుల లెక్క అడుగుతా. రెండింటికీ కూర్చోబెట్టి జవాబు చెప్పేవాళ్లుంటే అడ్రస్ కామెంట్లో పెట్టండి, బస్సెక్కుతా.